మన క్లబ్బు డబ్బు ఎటు పోతోందో మనమే చూసుకోవడం ఎలా: గుంటూరు అభిమాని రాసుకున్న పద్ధతి

ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్లని కొని అమ్ముకునే గడువు, అదే ట్రాన్స్‌ఫర్ విండో, తెరుచుకుందంటే చాలు, అరండల్‌పేటలో మేం రోజూ నిలబడే టీ కొట్టు దగ్గర గొడవ మొదలయ్యేది. "వంద మిలియన్లు పోసి వాణ్ణెందుకు కొన్నార్రా" అని ఒకడు, "చిన్నప్పట్నుంచీ పెంచుకున్న కుర్రోణ్ణి పక్క క్లబ్బుకి ఎట్టా అమ్ముతారు" అని ఇంకొకడు, "ఓనర్లే మొత్తం తినేస్తున్నారు" అని మూడోవాడు, గ్లాసులు ఖాళీ అయ్యేవి కానీ మాట తెగేది కాదు. నేనూ అందులో ఒకణ్ణే, పదిహేనేళ్లుగా మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. ఒకరోజు మాలో సీఏ ఇంటర్ చదివే తమ్ముడు బ్రాడీపేట హాస్టల్ నుంచి లాప్‌టాప్ పట్టుకొచ్చి, "అన్నా, లెక్కలన్నీ ఫ్రీగానే ఉన్నాయ్, ముందు చూసి తర్వాత తిట్టుకుందాం" అన్నాడు. అప్పట్నుంచి మా మాటల తీరే మారిపోయింది. ఏం చూడాలో, ఎక్కడ చూడాలో, చూశాక అభిమానిగా ఏం చెయ్యొచ్చో ఇక్కడ రాస్తున్నా. విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఫుట్‌బాల్ కోసం నలుగురు కూడే చోట ఎవరికైనా పనికొస్తుందని నా ఆశ.

లెక్కల కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

ఇంగ్లండ్‌లో క్లబ్బు అంటే చట్టం దృష్టిలో ఒక కంపెనీ, కంపెనీ అన్నాక ఏటా లెక్కలు దాఖలు చెయ్యాల్సిందే. అవి ఉండే చోటు పేరు కంపెనీస్ హౌస్. వాళ్ల వెబ్‌సైట్లో క్లబ్బు పేరు కొట్టి ఫైలింగ్ హిస్టరీలోకి వెళ్తే పీడీఎఫ్‌లు వరసగా ఉంటాయి, దించుకోవడానికి రూపాయి ఖర్చు లేదు, లాగిన్ కూడా అడగరు. ఒక్క చిక్కేంటంటే ఒక్కో క్లబ్బు మీద మూడు నాలుగు కంపెనీలు ఉంటాయి, స్టేడియం ఒకదాని పేర, ఆటగాళ్లు ఒకదాని పేర, వాటి పైన ఇంకో హోల్డింగ్ కంపెనీ. కాబట్టి ఎప్పుడూ గ్రూప్ లెక్కలు అని రాసున్న ఫైలే తియ్యండి, చిన్న కంపెనీది ఒక్కటే చూసి లాభాల్లో ఉన్నాం అనుకుంటే మోసపోతాం.

చాలా క్లబ్బులకి సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, ప్రైవేట్ కంపెనీకి అక్కడ్నుంచి తొమ్మిది నెలల గడువు, అంటే సరిగ్గా మార్చి నెలాఖరుకి, మన ఆడిటర్ ఆఫీసుల్లో లైట్లు ఆరని రోజుల్లోనే వాళ్లవీ బయటికొస్తాయి. యునైటెడ్ మాత్రం 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉంది, కాబట్టి మూడు నెలలకోసారి లెక్క చెప్పక తప్పదు, వెతుక్కునే పనే లేదు.

మొదటిసారి రెండొందల పేజీలు చూసి భయపడకండి, ఎవరూ మొత్తం చదవరు. మేం ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని క్లబ్బుకో పేజీ పెట్టుకున్నాం, అందులో గీసిన గడులు ఇవే: ఆదాయం ఎంత, అందులో టికెట్ల వాటా ఎంత, టీవీ వాటా ఎంత, స్పాన్సర్ల వాటా ఎంత, జీతాలు ఎంత, ఆటగాళ్లని అమ్మగా వచ్చిన లాభం ఎంత, అప్పు ఎంత, వేరే క్లబ్బులకి ఇంకా కట్టాల్సింది ఎంత. అంతే. టీ కొట్టు ప్లాస్టిక్ స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి తమ్ముడు చదువుతుంటే నేను రాసేవాణ్ణి, ఇప్పటికీ ఆ పేజీ మీద గ్లాసు అడుగు గుండ్రంగా మరక పడి ఉంది.

ఆ పేజీలో యునైటెడ్ 2024-25 లెక్క ఇలా ఉంది. ఆదాయం 666.5 మిలియన్ పౌండ్లు, మిలియన్ అంటే పది లక్షలు, క్లబ్బు చరిత్రలోనే ఎక్కువ. అందులో స్పాన్సర్లూ జెర్సీలూ కలిపి 333.3, టీవీ 172.9, స్టేడియం దగ్గర వచ్చింది 160.3. జీతాలు 313 మిలియన్లు, అంటే ఆదాయంలో సగం కంటే తక్కువ. లీగులో మాత్రం 15వ స్థానం. ఇంత ఆదాయం వచ్చి, జీతాలు సగం కూడా దాటకుండా, చివరికి 33 మిలియన్ల నష్టం. మావాళ్లందరూ ఒకేసారి అడిగిన ప్రశ్న ఒకటే, మరి డబ్బెటు పోయిందిరా? ఆ ప్రశ్న పుట్టిందంటే మీరు సగం దారి వచ్చేసినట్టే, ఎందుకంటే జవాబు ట్రాన్స్‌ఫర్ లెక్కలో, అప్పులో ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ లెక్క: కొన్న గేదె, ఇంట్లో పుట్టిన దూడ

అమోర్టైజేషన్, అంటే కొన్న ధరని ఏళ్ల మీద పంచి రాయడం, ఆ మాట వినగానే మాలో సగంమంది ఫోన్లు తీసేవాళ్లు. నాకు మాత్రం మా తాతయ్య గేదెల లెక్కతో అర్థమైంది, తెనాలి పక్కన ఊళ్లో ఆయనకి పాడి ఉండేది. అదే లెక్క చెప్తా, చూడండి.

సంతలో లక్ష పెట్టి గేదెని కొన్నారు, ఐదేళ్లు పాలిస్తుంది అనుకున్నారు. లక్ష మొత్తం మొదటి ఏడాది ఖర్చుగా రాయరు, ఏడాదికి 20 వేల చొప్పున ఐదేళ్లు రాస్తారు. రెండేళ్లు అయ్యాక పుస్తకంలో గేదె విలువ 60 వేలు. అప్పుడు 70 వేలకి అమ్మితే, కొన్న రేటు కంటే 30 వేలు తక్కువకి పోయినా, పుస్తకంలో మాత్రం 10 వేలు లాభం. ఆటగాడి లెక్క సరిగ్గా ఇదే. వంద మిలియన్లకి కొని ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇస్తే ఏడాదికి 20 మిలియన్లే ఖర్చు. మధ్యలో కాంట్రాక్ట్ పొడిగిస్తే మిగిలిన విలువ మళ్లీ కొత్త ఏళ్ల మీద పంచుతారు, అందుకే అంతంతమాత్రంగా ఆడేవాడికి కూడా కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారంటే ఒకసారి ఈ వైపు నుంచి కూడా ఆలోచించండి.

ఇప్పుడు ఇంట్లో పుట్టిన దూడ సంగతి. దానికి కొన్న ధర లేదు, మేతా దాణా ఖర్చు ఏ ఏటికి ఆ ఏడు రాసేసుకున్నారు, కాబట్టి పుస్తకంలో విలువ సున్నా. దాన్ని 50 వేలకి అమ్మితే 50 వేలూ లాభమే. అకాడమీలో పెరిగిన కుర్రాడు కూడా అంతే, ఎంతకి అమ్మితే అంతా లాభం. సొంత కుర్రాళ్లని క్లబ్బులు ఎందుకు అమ్ముకుంటున్నాయో ఇక్కడ తెలిసిద్ది. 2023లో చెల్సీ మేసన్ మౌంట్‌ని మా యునైటెడ్‌కి 55 మిలియన్లకి ఇచ్చింది, చిన్నప్పట్నుంచీ అక్కడే పెరిగినవాడు, చెల్సీ పుస్తకంలో అదంతా లాభం కింద పడింది. 2024 జూన్ ఆఖరి వారంలో విల్లా, చెల్సీ, న్యూకాసిల్, ఎవర్టన్ ఒకళ్ల కుర్రాళ్లని ఒకళ్లు కొనుక్కున్నారు గుర్తుందా, ఇయాన్ మాట్సెన్ చెల్సీ నుంచి విల్లాకి, ఒమారి కెల్లీమన్ విల్లా నుంచి చెల్సీకి. అది జూన్ 30 లోపు పుస్తకం సర్దుకునే తొందర. పిల్లల్ని పెంచే అకాడమీ ఇలా లెక్కలు సర్దుకునే సాధనం అయిపోవడం నాకు నిజంగా బాధ అనిపిస్తుంది, మన స్టాండులో నుంచి ఎదిగినవాణ్ణి చూసుకుని మురిసిపోవడం కంటే అభిమానికి పెద్ద సంతోషం ఏముంది.

కాంట్రాక్ట్ ఎంత పొడుగైతే ఏడాది ఖర్చు అంత తక్కువ అన్న సందు చెల్సీ 2022-23లో గట్టిగా వాడుకుంది, ముద్రిక్‌కి, ఎంజో ఫెర్నాండెజ్‌కి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టులు ఇచ్చింది. ఎంజో ధర 106.8 మిలియన్లు. ఐదేళ్లకి పంచితే ఏడాదికి 21 దాటుతుంది, ఎనిమిదిన్నరకి పంచితే పన్నెండున్నర. దాంతో 2023లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, ఆ డిసెంబర్లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు, కాంట్రాక్ట్ ఎన్నేళ్లదైనా లెక్కలో ఐదేళ్లకి మించి పంచకూడదని గీత గీశాయి.

ఒకటి జాగ్రత్త. పుస్తకంలో ఖర్చు వేరు, చేతిలోంచి పోయే డబ్బు వేరు. ట్రాన్స్‌ఫర్ డబ్బు ఎక్కువగా వాయిదాల్లో కడతారు, అందుకే నేను చివరి గడి పెట్టమన్నది, వేరే క్లబ్బులకి ఇంకా ఎంత బాకీ. ఆ గడి ఏటేటా పెరుగుతుందంటే రేపటి ఆదాయం ఇవాళే ఖర్చయిపోయిందని అర్థం. లెక్కల చివర్లో, సంవత్సరం ముగిశాక జరిగిన సంగతులు అని ఒక నోట్ ఉంటుంది, దాన్ని మాత్రం వదలకండి, జూన్ తర్వాత ఎవర్ని కొన్నారో నికరంగా ఎంత పెట్టారో అందులో రాస్తారు, పుకార్ల కంటే ఆ నాలుగు లైన్లు నయం.

పుకార్ల గురించి ఎక్కువ చెప్పను. అంకె విన్నప్పుడు మూడు అడగండి: ఇప్పుడే కట్టేది ఎంత, షరతుల మీద కట్టేది ఎంత, అమ్మిన క్లబ్బుకి మళ్లీ అమ్మితే వాటా ఉందా. 62 మిలియన్లా 89 మిలియన్లా అని ముద్రిక్ విషయంలో మావాళ్లు చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు, రెండూ నిజమే, మొదటిది వెంటనే ఇచ్చేది, రెండోది అన్ని షరతులూ తీరితే.

రూల్స్ ఎక్కడ కొరుకుతాయి

ప్రీమియర్ లీగ్‌లో పీఎస్ఆర్ అనే నష్టాల హద్దు రూలు ప్రకారం మూడేళ్లలో కలిపి 105 మిలియన్లకి మించి నష్టం రాకూడదు, అది కూడా ఓనర్ సొంత డబ్బు పెట్టి పూడిస్తేనే. స్టేడియం, అకాడమీ, మహిళల జట్టు మీద పెట్టింది ఈ లెక్కలోకి రాదు. దాటినందుకు ఎవర్టన్‌కి 2023 నవంబర్లో 10 పాయింట్లు కోశారు, అప్పీల్లో 6 చేశారు, 2024 ఏప్రిల్లో ఇంకో 2 పోయాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సంగతి ఇంకా బాగా అర్థం చేసుకోవాల్సింది. వాళ్లు అకాడమీ కుర్రాడు బ్రెన్నన్ జాన్సన్‌ని జూన్ 30 లోపు అమ్ముంటే గట్టెక్కేవాళ్లు, మంచి రేటు కోసం ఆగి సెప్టెంబర్ 1న టోటెన్‌హామ్‌కి అమ్మారు, రేటు మంచిదే వచ్చింది గానీ లెక్క తర్వాతి ఏడాదిలో పడింది, 4 పాయింట్లు పోయాయి. యాసంగి పంట డబ్బు ఉగాది తర్వాత వస్తే మార్చిలో కట్టాల్సిన బ్యాంకు బాకీ ఆగదు కదా, అలాగన్నమాట.

2026-27 నుంచి అక్కడ పద్ధతి మారుతుంది, జట్టు మీద ఖర్చు ఆదాయంలో 85 శాతం లోపు ఉండాలని క్లబ్బులు 2025 నవంబర్లో ఓటేశాయి. యూఈఎఫ్ఏ పోటీలు ఆడేవాళ్లకి ఈ హద్దు 70 శాతం. కాబట్టి మన నోట్‌బుక్కులో జీతాలు, ఏడాది అమోర్టైజేషన్, ఏజెంట్ల ఫీజు కలిపి ఆదాయంతో భాగించే గడి ఇంకొకటి గీసుకోండి, ఇక ముందు పంచాయితీలన్నీ ఆ అంకె మీదే అవుతాయి.

అసలు ప్రశ్న: సంతకం ఎవరిది

ఇన్నాళ్లు లెక్కలు చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఎవర్ని కొన్నారు అన్నది ఆ సీజన్‌ వరకే. స్టేడియం, పేరు, రంగు అమ్మే కాగితం మీద సంతకం పెట్టే హక్కు ఎవరిది అన్నదే ఎప్పటికైనా అసలు ప్రశ్న.

2005లో గ్లేజర్లు అనే అమెరికా కుటుంబం వాళ్లు యునైటెడ్‌ని 790 మిలియన్లకి కొన్నారు, అందులో చాలాభాగం అప్పు, ఆ అప్పు తెచ్చి క్లబ్బు నెత్తినే పెట్టారు. అంతకు ముందు అప్పు లేని క్లబ్బు. ఇవాళ్టికీ దీర్ఘకాలిక అప్పు 650 మిలియన్ డాలర్లు లెక్కల్లో కనపడుతుంది, దానికి కట్టే వడ్డీతో ఎంతమంది కుర్రాళ్లని తయారు చెయ్యొచ్చో ఆలోచిస్తే కడుపు తరుక్కుపోతుంది. 2012లో కార్డిఫ్ సిటీ ఓనర్ నీలం జెర్సీని ఎరుపు చేశాడు, వందేళ్ల రంగు, అభిమానులు పట్టు వదలకుండా కొట్లాడితే 2015లో మళ్లీ నీలం వచ్చింది. బరీ అయితే 1885లో పుట్టిన క్లబ్బు, రెండుసార్లు ఎఫ్ఏ కప్పు గెలిచింది, డబ్బు లెక్క తేలక 2019 ఆగస్టులో లీగ్ నుంచే తీసేశారు.

మనకి దగ్గరి సంగతి హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో వచ్చింది, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది, ఆ రాత్రి గుంటూరులో మేం బైకుల మీద తిరిగాం. సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టిన ఊరికి, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చిన కోచ్ ఊరికి, ఎన్నాళ్లకో ఒక కప్పు అనుకున్నాం. తర్వాత జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చెయ్యకుండా నిషేధాలు, 2025లో క్లబ్బు ఏకంగా ఢిల్లీ వెళ్లిపోయింది. మూడేళ్లలో అంతా అయిపోయింది. అభిమానుల్ని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగాలన్న నిబంధన ఏ కాగితం మీదా లేదు.

మరి అభిమానుల చేతిలో ఉంటే ఎలా ఉంటుంది? ఇక్కడ మళ్లీ మా తాతయ్య. ఊళ్లో పాల సొసైటీ ఉండేది, రెండు గేదెలున్నవాడికీ ఇరవై గేదెలున్నవాడికీ ఒకటే ఓటు. తాతయ్య పాస్‌బుక్కు నేను చాలాసార్లు చూశా, ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎంత పడింది అని పూటపూటకీ వరస. ఏటా జనరల్ బాడీ మీటింగ్ రోజు ఇస్త్రీ పంచె కట్టుకుని ఆ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లేవాడు, బోనస్ ఎందుకు తగ్గిందో నిలబడి అడిగేవాడు. అభిమానుల యాజమాన్యం అంటే నాకు ఆ పంచె, ఆ పుస్తకమే కళ్ల ముందుకొస్తాయి. ఎక్కువ డబ్బు పెట్టినవాడిది ఎక్కువ మాట అయితే అది మామూలు కంపెనీయే.

జర్మనీలో 1998 నుంచి క్లబ్బులు కంపెనీలుగా మారొచ్చు గానీ ఓట్లలో సగం పైన ఒకటి సభ్యుల దగ్గరే ఉండాలి, 50 ప్లస్ 1 అంటారు, లెవర్కుసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి చోట్ల మినహాయింపులున్నాయి. 2023 డిసెంబర్లో లీగ్ టీవీ హక్కుల్లో వాటా బయటి పెట్టుబడిదారుకి ఇద్దామని ఓటేస్తే అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు, 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ బేరం వదులుకుంది. స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా ఇంకా సభ్యులవే. అయితే సభ్యులదైనంత మాత్రాన లెక్క దానంతటదే బాగుపడదు, ఇది ఖచ్చితంగా గుర్తుంచుకోండి: బార్సిలోనా అప్పుల్లో కూరుకుని 2021లో మెస్సీని నిలుపుకోలేకపోయింది, 2022లో లీగ్ టీవీ ఆదాయంలో 25 శాతం పాతికేళ్లకి అమ్ముకుంది. ఓటు ఉండాలి, ఓటేసేవాడు పుస్తకం కూడా తెరవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వింబుల్డన్. 2002లో క్లబ్బుని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తీసుకుపోవడానికి అనుమతిచ్చారు, అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని అట్టడుగు నుంచి మొదలెట్టారు, 2011కి లీగ్‌లోకి వచ్చారు, 2020 నవంబర్లో సొంత పేట ప్లౌ లేన్‌లో సొంత స్టేడియం. డబ్బు చాలకపోతే అభిమానులే బాండ్లు కొని 5 మిలియన్లకి పైగా ఇచ్చారు. పోర్ట్స్‌మత్ కథ ఇంకోలా నడిచింది, 2008లో ఎఫ్ఏ కప్పు, 2010లో దివాలా, 2013లో అభిమానుల ట్రస్టు మనిషికి వెయ్యి పౌండ్ల షేరు పెట్టి క్లబ్బుని కాపాడింది, 2017లో పైకి ఎదగాలంటే పెట్టుబడి కావాలని సభ్యులే ఓటేసి అమెరికా వ్యాపారి మైకేల్ ఐస్నర్ వాళ్లకి అమ్మారు. దాన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నేను అనను, అమ్మాలా వద్దా అన్నది వాళ్లే నిర్ణయించుకున్నారు.

మొత్తం క్లబ్బు కొనలేనప్పుడు ఒక్క తాళంచెవి పట్టుకున్నా చాలు. చెల్సీ స్టేడియం నేల 1993లో పెట్టిన చెల్సీ పిచ్ ఓనర్స్ అనే సంస్థ చేతిలో ఉంది, వేల మంది అభిమానులు షేరుదారులు, క్లబ్బు ఆ నేల వదిలి వెళ్తే చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ అన్న పేరు కూడా వెంట రాదు. 2011లో అప్పటి ఓనర్ అబ్రమోవిచ్ వైపు నుంచి ఆ నేల కొనడానికి ప్రతిపాదన వస్తే 75 శాతం ఓట్లు కావాల్సి ఉండగా 61.6 శాతమే వచ్చాయి, ఆగిపోయింది. అంత డబ్బున్న మనిషికి కూడా అవ్వలేదు. ఇంగ్లండ్‌లో 2025లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం కూడా వచ్చింది, స్వతంత్ర రెగ్యులేటర్‌ని పెట్టారు, లోగో, జెర్సీ రంగు మార్చాలంటే అభిమానుల మద్దతు చూపించాలి.

ఇక్కడ కూర్చుని మనం చెయ్యగలిగింది ఏంటంటే, మీ క్లబ్బుకి సపోర్టర్స్ ట్రస్ట్, అంటే అభిమానులే సభ్యులుగా నడిపే సంఘం, ఉందేమో చూసి చేరండి. చేరేముందు నియమావళిలో మూడు వెతకండి: ఒక మనిషికి ఒక ఓటేనా, బయటి దేశం వాళ్లకి ఓటు ఉందా, లెక్కలు సభ్యులకి చూపిస్తారా. 2005లో యునైటెడ్ వదిలొచ్చినవాళ్లు పెట్టుకున్న ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్‌లో షేర్లు ఎన్నున్నా ఒకటే ఓటు. నేనైతే ఏటా కొత్త జెర్సీ కొనడం మానేసి ఆ డబ్బు ట్రస్టుల వైపే పెడుతున్నా.

మన ఊరి జట్టుతో మొదలెట్టండి

ఇదంతా మన దగ్గర ఎందుకు మొదలెట్టకూడదు అనుకుని మా ఆదివారం జట్టుతోనే మొదలెట్టాం, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు టర్ఫ్‌లో ఆడతాం. దానికి ముందు దెబ్బ తిన్నాం. ఒక దాత వచ్చి జెర్సీలు కుట్టిస్తానన్నారు, సంతోషంగా సరేనన్నాం, టోర్నమెంట్ పొద్దున ప్లాస్టిక్ కవర్లు చింపి చూస్తే మా ఆకుపచ్చ రంగు లేదు, మా పేరు లేదు, ఆయన షాపు పేరుంది. ఎంట్రీ కూడా ఆ పేరుతోనే కట్టేశారు. మా దగ్గర కాగితం లేదు, ఏమనాలో తెలియక అవే వేసుకుని ఆడాం. మా గోల్ కీపర్ బావ ఆ జెర్సీ మీద మా పాత ఆకుపచ్చ బనీను తొడుక్కుని దిగాడు, రిఫరీ తియ్యమంటే తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ వారమే కూర్చుని ఒక పేజీ రాసుకున్నాం. జట్టు పేరు గానీ రంగు గానీ మార్చాలంటే సభ్యుల్లో నాలుగింట మూడొంతుల ఓట్లు పడాలి, మేం 24 మందిమి కాబట్టి 18. స్పాన్సర్ ఎంతిచ్చినా ఆయనకి ఓటు లేదు, సభ్యుడైతే ఒక ఓటు. నెలకి మనిషికి 300, మొత్తం 7,200, అందులో టర్ఫ్‌కి 6,000 పోతుంది, మిగిలిన 1,200లో బంతులు, ఎంట్రీ ఫీజులు. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ప్రతినెలా మొదటి ఆదివారం ఆట అయ్యాక, ఎవరూ బండి తియ్యకముందే, పుస్తకం గట్టిగా చదవాలి. ఈ చివరిది చిన్నదిలా కనపడుతుంది గానీ దీన్ని మాత్రం వదలొద్దు, రెండు నెలలు చదవకపోతే మూడో నెల డబ్బు కట్టేవాళ్లు తగ్గిపోతారు, మేం చూశాం.

గట్టిగా నడుస్తుందనుకుంటే రిజిస్టర్ చేసుకోండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు చాలు, ఉద్దేశాల పత్రం, నియమావళి రాసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వాలి. ఆ పేరు, రంగు రూలు నియమావళిలోనే రాయించండి, వాట్సాప్ గ్రూపులో ఉన్నది లెక్కకి రాదు.

కుర్రాళ్లని తయారు చేసే జట్టు అయితే ఇంకొకటి తప్పనిసరి. 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఒక ఆటగాడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకి, అతను తర్వాత కాంట్రాక్ట్ మధ్యలో వేరే దేశం క్లబ్బుకి అమ్ముడైతే ఆ ఫీజులో 5 శాతం పంచాలని ఫిఫా నిబంధన. 12 నుంచి 15 వరకు సీజన్‌కి 0.25 శాతం, 16 నుంచి 23 వరకు 0.5 శాతం. పది కోట్ల ట్రాన్స్‌ఫర్ అనుకోండి, 12 నుంచి 15 వరకు నాలుగు సీజన్లు మీ దగ్గరే ఆడుంటే పది లక్షలు మీ క్లబ్బుకి రావాలి. కానీ క్లబ్బు ఫుట్‌బాల్ సంఘంలో అనుబంధమై ఉండి, ఆ పిల్లాడి పేరు ఆ సీజన్లలో ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో మీ క్లబ్బు కింద ఉంటేనే. బీఆర్ స్టేడియంలో పొద్దున్నే పిల్లలకి నేర్పించే పెద్దాయన్ని ఇదే అడిగా, ఎంతమంది పేర్లు ఎక్కించారు సార్ అని. ఆయన కాసేపు ఆగి, హాజరు పుస్తకం ఉందయ్యా అన్నారు.

ఆ పుస్తకం ఇప్పుడు మా సీఏ తమ్ముడి దగ్గర ఉంది. పుట్టిన తేదీలు, ఆధార్ కాపీలు, ఏ సీజన్ ఎవరు అని జాబితా రాస్తున్నాం, 31 మంది తేలారు. అనుబంధం ఫారం ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. వచ్చే ఆదివారం ఏడింటికి టర్ఫ్ దగ్గర, పిల్లల తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నాం.